నాలుగో దెబ్బ ఎదురుపిల్ల కోలకి

"చదువు చెప్పమని బడికి పంపిస్తే ఆ గెంతులేంటండీ అత్తయ్యగారూ? పైగా నేర్పడానికి మీరెళ్తారా? మోకాళ్ళేమైపోవాలండీ?"

"మోకాళ్ళు నావమ్మా. నీవేం అరువడగలేదు కదా."

"మీకు వేళాకోళంగానే ఉంటుంది. దానికి నాలుగో ఎక్కం రాదండీ. ముందు అది రానివ్వండి."

"అది రావడానికే కోలాటం అంటున్నాను."

మొన్న సాయంత్రం వంటింటి గుమ్మంలో మా కోడలికీ నాకూ జరిగిన వాదన ఇది. మూడో తరగతి చదువుతున్న మనవరాలు ఎక్కాలనేసరికి కడుపునొప్పి అంటోంది. వాళ్ళ బడికి కొత్తగా వచ్చిన పంతులమ్మగారు ఎక్కాలు కోలాటంలో నేర్పిద్దామని, అడుగులు తెలిసిన పెద్దవాళ్ళెవరైనా పొద్దున్నే వచ్చి చూపించమని కబురు పెట్టారు. అది విన్న దగ్గరనుంచి నాకు కాలు నిలవడం లేదు. కోడలేమో, మా పిల్లని అందులో నిలబెట్టవద్దని ఉత్తరం రాయడానికి కాగితం తీసింది.

నేను చదివిందీ మూడో తరగతే, అదీ సగం. రేవు దాటి పడవలో వచ్చే మా పంతులమ్మగారు ఎండిన కొబ్బరిమట్టలు చీల్పించి తలా రెండు కోలలు ఇచ్చి, మమ్మల్ని ఇద్దరిద్దరిని ఎదురెదురుగా గుండ్రంగా నిలబెట్టేవారు. చప్పుడు బొంగురుగా వచ్చినా ఖర్చులేని కోలలు, నాకు అప్పుడూ నచ్చాయి, ఇప్పుడూ నచ్చుతాయి. నాలుగో ఎక్కమైతే మూడు దెబ్బలు మన కోలలకే, నాలుగోది ఎదురుపిల్ల కోలకి, ఆ దెబ్బ మీదే నాలుగూ, ఎనిమిదీ, పన్నెండూ అని అందరం ఒక్క గొంతుతో అనాలి. లెక్క తప్పినదాని కోల ఎదుటిదాని వేళ్ళ మీద పడేది కనుక, తిట్టడానికి పంతులమ్మగారితో పనే ఉండేది కాదు. ఇప్పటికీ కొబ్బరికాయలు లెక్కపెడుతుంటే నాలుగో కాయకి నా మణికట్టు దానంతటదే ముందుకు తిరుగుతుంది.

ఒకనాడు మా నాన్నగారు అరటిగెలలు పడవకెత్తించి వస్తూ బడివైపు చూశారు. మేము ఆరో ఎక్కంలో ఉన్నాం, అందరికంటే పెద్ద గొంతు నాదే. చదువు చెప్పమని పంపిస్తే గెంతులేమిటని పంతులమ్మగారిని అడిగి, నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేశారు. మళ్ళీ పంపలేదు. ఆయన చెడ్డవారు కారు. కదలకుండా కూర్చుంటేనే చదువని ఆయనకి తెలుసు, అంతే.

ఇదంతా కోడలికి చెప్పాను.

"ఎప్పుడూ చెప్పలేదేంటండీ?" అంది.

"నువ్వెప్పుడడిగేవు?"

"అచ్చం మీ నాన్నగారి మాటే నేనూ అన్నానన్నమాట."

"ఆయ్."

కాగితం మళ్ళీ పుస్తకంలో పెట్టేసింది.

నా ఈడువాళ్ళకి తెలుసు, ఆ రోజుల్లో కోలాటానికి పిలుపులుండేవి కావు, చప్పుడు వినబడితే వెళ్ళి గుండ్రంలో దూరిపోవడమే. ఇప్పుడు పెళ్ళిళ్ళకి ఒకే రంగు చీరలు కట్టుకున్న జట్లు అద్దెకి వస్తున్నాయి; బాగానే ఆడతారు, మనం కుర్చీల్లో కూర్చుని ఫోన్లలో తీసుకుంటాం, మధ్యలో దూరడానికి మాత్రం మనకి చోటుండదు.

మర్నాడు పొద్దున్న కోడలు స్కూటీ మీద మా ఇద్దరినీ బడి దగ్గర దింపింది. మనవరాలు నాకు ఎదురుగా నిలబడింది. మొదటిసారి ఇరవై దగ్గర ఆగిపోయింది. రెండోసారి నలభై దాకా వచ్చింది. కోడలు ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉంది.