పిన్ని పాడని పాట

మొన్న పటమటలో ఒక పెళ్లికి వెళితే, పెళ్లికొడుకు మైకు పట్టుకుని, ఫోనులో చూస్తూ, పెళ్లికూతురి మీద రాసుకున్న ప్రేమకవిత చదివాడు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను కాని, భోజనాల దగ్గర కూర్చున్నాక మా బాబాయి గుర్తొచ్చారు.

బాబాయి కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. పిల్లలకు సానెట్లు చెప్పీ చెప్పీ, తనూ తెలుగులో అలాంటివే, పద్నాలుగు పాదాల ప్రేమకవితలు రాయసాగారు, అన్నీ మా పిన్ని మీదే. నోరారా ఒక్క ముద్దుమాట అనడానికి సిగ్గుపడే ఆ మనిషి, రాసిన కాగితం పిన్ని శ్రుతిపెట్టె మీద పెట్టేసి, గబగబా చెప్పులేసుకుని కాలేజీకి వెళ్లిపోయేవారు. చిన్నప్పటినుంచీ సంగీతం నేర్చిన పిన్ని సాయంత్రానికల్లా దానికి వరస కట్టేది. తొంభైల్లో బ్యాంకు ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను వాళ్లింట్లోనే ఉండేదాన్ని కనుక, ఆమె బెండకాయలు తరుగుతూ రాగం వెతుక్కోవడం కళ్లారా చూశాను. సానెట్టులో అసలు మాట చివరి రెండు పాదాల్లో ఉంటుందట. పిన్ని వాటినే ముందుకు తెచ్చి పల్లవి చేసేది.

"మీ బాబాయి అసలు సంగతి చివర్న గొణుగుతారే. పాటకి అది ముందే కావాలి" అని నవ్వేది.

కొన్నాళ్లకు పిన్నికి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషనుతో ప్రాణం దక్కింది కాని గొంతు దక్కలేదు, మాట గుసగుసగా మిగిలింది. పాడలేని మనిషి ముందు పాట పెట్టడం ఎందుకనుకున్నారో ఏమో, బాబాయి రాయడం మానేశారు. ఒకరోజు ఆయన కాఫీ తాగుతుంటే పిన్ని ఎదురుగా నిలబడి అడిగింది.

"నా మీద రాయడం కూడా ఆపరేషన్లో తీసేశారాండీ?"

ఆయన మొహం తిప్పుకున్నారు. మర్నాడు శ్రుతిపెట్టె మీద కాగితం ఉంది.

పిన్ని దాన్ని సహాన రాగంలో కట్టి, స్వరాలు నా చెవిలో చెబుతూ, గమకాలు వేలితో గాలిలో గీసి చూపిస్తూ నేర్పి, ఒక ఆదివారం ఇరుగుపొరుగును పిలిచి నాచేత పాడించింది. చరణం ఎత్తుకున్నానో లేదో, బాబాయి లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. నేను తడబడ్డాను. పిన్ని మాత్రం, చెంపలు తడిసిపోతున్నా, కానీయమన్నట్టు తలూపి, తొడ మీద తాళం వేస్తూనే ఉంది.

రెండువేలు దాటాక జబ్బు తిరగబెట్టి పిన్ని పోయింది. పెద్దకర్మ అయి, చుట్టాలంతా వెళ్లిపోయాక బాబాయి నన్ను దగ్గరకు పిలిచారు.

"ఆ రోజు సగంలో లేచిపోయానమ్మా. మీ పిన్ని ఎలా ముగించిందో వినలేదు. మిగతాది పాడతావా?"

పాడాను. పాట అయిపోయాక కూడా ఆయన తల అలా ఊగుతూనే ఉంది. ఆ తరవాత ఆయన ఒక్క పాదమూ రాయలేదు, ఎక్కువకాలం బతకనూ లేదు.

ఇప్పుడా వరస వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మా అమ్మాయి ఫోను ఎదురుగా పెట్టి పాడమంటుంది. పిన్ని నా చెవి దగ్గర నోరుపెట్టి నేర్పిన పాట ఆ ఫోనుకు అప్పజెప్పలేక, ఏదో పని చెప్పి లేచిపోతాను. ఈమధ్య కూనిరాగం తీస్తుంటే చరణంలో ఒక సంగతి, స్వరం ఎలా తిరగాలో, మరిచిపోయాను. నా వయసులో మరుపు మామూలే. కాని, ఇదెలాగని అడుగుదామంటే, ఎవరున్నారు?