ఖోఖో గ్రౌండులో గట్టిమేళం

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ సంగతి నా భార్య పెళ్ళైన మొదటి నెలలోనే కనిపెట్టింది. నేను ఒప్పుకోవడానికి పదిహేనేళ్ళు పట్టింది. పక్క మేళం వాళ్ళకు పెద్ద కల్యాణ మండపం నుంచి పిలుపు వచ్చిందని తెలిస్తే ఆ పూట నాకు అన్నం సయించదు. పెళ్ళి ఊరేగింపులో కుర్రకారంతా డీజే బాక్సుల ముందు ఎగురుతుంటే, మా డోలు దగ్గర నలుగురు ముసలాళ్ళు మాత్రం నిలబడి తలలూపుతుంటే, పాపం ఆ నలుగురి మీద కూడా ఒళ్ళు మండుతుంది. ఇవన్నీ వృత్తి కుళ్ళులు, వస్తుంటాయి, పోతుంటాయి. పోయిన ఎండాకాలం పట్టుకున్నది మాత్రం వేరే రకం. అది ఒక ఖోఖో మేడమ్ మీద, ఆమె మెడలో వేలాడే ఈల మీద.

మాది చిత్తూరు. నేను డోలు వాయిస్తాను, నా భార్య తమ్ముడు సన్నాయి ఊదుతాడు. ఊళ్ళో అందరికీ సెలవులు వచ్చే కాలంలోనే మాకు ముహూర్తాలు వస్తాయి. ఈరోజు కాణిపాకం, రేపు ఐరాల, ఎల్లుండి తిరుపతి. నా కూతురికి ఐదేళ్ళు వచ్చినప్పటి నుంచి ఎండాకాలమంతా మాతోనే తిరిగేది. నా వెనక చాప మీద కూచుని తాళాలు వేసేది. పెళ్ళివాళ్ళు ఐస్‌క్రీమ్ తెచ్చి ఇచ్చినా, అది కరిగిపోతున్నా, కీర్తన అయ్యేదాకా తాళం వదిలేది కాదు. నేను తలతిప్పి చూడాల్సిన అవసరమే ఉండేది కాదు. ఆ చిన్న శబ్దం వీపుకు తగులుతుంటే చాలు, నా చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి.

గట్టిమేళం సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. పెళ్ళి చూసిన వాళ్ళందరికీ అది తెలుసు గానీ, ఎందుకు వాయిస్తామో చాలామందికి పట్టదు. తాళి కట్టే సమయానికి అయ్యవారు చెయ్యెత్తి సైగ చేస్తారు. వెంటనే డోలూ సన్నాయీ ఒక్కసారిగా, ఎంత బలముంటే అంత బలంతో అందుకోవాలి. ఆ కాసేపు ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఏ పాడుమాటా పెళ్ళికూతురి చెవిన పడకూడదు. చూసేవాళ్ళకు అది సంబరం, మాకు కాపలా. ఇరవై ఏళ్ళుగా ఆ కాపలా కాసీ కాసీ నాకది జబ్బులాగా తయారైంది. మండపంలో ఎవరైనా ముక్కు ఎగబీలిస్తే చాలు, నా చెయ్యి డోలు కర్ర మీదికి పోతుంది. పక్కింటావిడ వచ్చి చావు కబుర్లు మొదలుపెడితే, తింటున్న కంచం మీదే దరువేసి నా భార్య చేత తిట్లు తిన్న రోజులున్నాయి.

ఆ ఏడు బడికి సెలవులిచ్చిన వారానికి నా కూతురు వచ్చి, గ్రౌండులో ఖోఖో క్యాంపు పెట్టారు, పోతానంది. పదమూడేళ్ళ పిల్ల, సరదా పడింది, ఎండకు రెండు రోజుల్లో తనే మానేస్తుందిలే అనుకుని సరేనన్నాను. ఆ రెండు రోజులు ఎండాకాలమంతా అయిపోలేదు.

తెల్లవారి ఐదింటికల్లా తనే లేచేది. పెళ్ళిళ్ళకు లేపాలంటే ముఖాన నీళ్ళు చల్లాల్సి వచ్చిన పిల్ల ఇది! కాఫీ ఇస్తే గ్లాసు పక్కకు జరిపింది.

"కాఫీ వద్దు నాయనా. మేడమ్ రాగిజావ తాగమనింది."

వాళ్ళమ్మ ఆరేళ్ళుగా బతిమాలినా మూతి ముడుచుకున్న రాగిజావ అది. మేడమ్ అన్నదని గటగటా తాగేసింది. తర్వాత మేడమ్ అన్నదని రెండు జడలు పోయి పైకి కట్టిన ఒక్క జడ వచ్చింది. మేడమ్ అన్నదని టీవీ ఆగిపోయింది. అన్నం ముందు కూచుంటే మేడమ్ చిన్నప్పుడు చెప్పుల్లేకుండా పరిగెత్తిన కథ, మేడమ్ మోకాలికి ఆపరేషన్ జరిగిన కథ. నా మోకాళ్ళు కూడా నొస్తాయి. మఠం వేసుకుని నాలుగేసి గంటలు కూచునే మోకాళ్ళవి. ఈ పిల్ల ఒక్కనాడూ అడగలేదు.

వెనకాల తాళం లేకుండా పెళ్ళిళ్ళు చేశాను. మా బావమరిది ఫోనులో శ్రుతి పెట్టి, దాంట్లోనే తాళం కూడా వస్తుందన్నాడు. వచ్చింది. వీపుకు తగలలేదు.

ఒకనాడు సాయంత్రం పిల్ల కుంటుకుంటూ ఇంటికి వచ్చింది. మడమ మీద బొబ్బ లేచి చితికిపోయింది. నా వేళ్ళు చూస్తే తెలుస్తుంది, బొబ్బల సంగతి నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. కొబ్బరినూనె గిన్నె తీసుకుని పక్కన కూచున్నాను.

"యాడ, సూపీ పాపా."

"ఏం లేదులే నాయనా. మేడమ్ సూసింది. మందు గూడా పెట్టింది."

గిన్నె చేతిలో పట్టుకుని అట్లాగే కూచున్నాను. ఇదంతా చూసి నా భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏమబ్బా, సవతి వచ్చినట్ల అంత ఏడుపు మొగం పెట్టినావు? ఆమె నీ బిడ్డనేమన్నా ఎత్తకపోతాండాదా?"

ఎత్తుకుపోతున్నదనే నా బాధ. అది పైకి చెప్పుకుంటే నవ్వుతారు. అందుకని రాగిపిండి ధర పెరిగిందనీ, బూట్లు అరిగిపోతున్నాయనీ వేరే వాటి మీద అరిచాను.

అసలు ఆ మేడమ్ ఎట్లా ఉంటుందో చూద్దామని ఒకరోజు పిల్లను నేనే బండి మీద దిగబెట్టాను. నల్లగా, సన్నగా, నా ఈడు మనిషి. టోపీ తీసి నమస్కారం పెట్టింది. "మీ పాప కాళ్ళలో లెక్కుంది సార్. ఎప్పుడు లేయల్లో, ఎన్ని అడుగులకు మలుపు తిరగల్లో ఎవరూ చెప్పే పన్లేదు. యాడ నేర్చుకునింది?" అని అడిగింది.

నా దగ్గర, అని చెప్పి ఉంటే అయిపోయేది. ఆమె సంతోషించేది, నేనూ గర్వంగా ఇంటికి వచ్చేవాణ్ణి. కానీ నా కూతురి కాళ్ళలో ఏముందో ఈమె వచ్చి నాకు చెప్పడమేమిటి అని లోపల భగ్గుమంది. "ఏమో మేడమ్" అని బండి తిప్పుకున్నాను. దారి పొడుగునా ఆ టోపీనీ, ఆ ఈలనూ, ఆ మర్యాదనూ తిట్టుకుంటూ వచ్చాను. ఆమె కాస్త పొగరుగా మాట్లాడి ఉంటే నాకు ఎంతో సుఖంగా ఉండేది.

క్యాంపు ఆఖరి రోజున రెండు జట్లుగా ఆడించి, జిల్లా జట్టుకు పన్నెండు మందిని తీసుకుంటారని తెలిసింది. పదకొండు పేర్లు ముందే తేలిపోయాయట. పన్నెండో చోటు కోసం ఇద్దరు మిగిలారు, అందులో ఒకతి నా కూతురు. ఆ రోజు ముఖ్య అతిథి ఒకాయన వస్తున్నాడు, ఎదురు వెళ్ళడానికి మేళం ఉంటే బాగుంటుందని ఎవరో అన్నారని కూడా పిల్లే చెప్పింది. ఊరికే మాటల్లో చెప్పింది. నేను ఎగిరి పట్టుకున్నాను. మేమే వస్తాం, ఊరికే వాయిస్తాం అని కబురు పంపాను.

"ఖోఖోకు మేళమేంది బావా?" అన్నాడు మా బావమరిది.

"నోరు మూసుకోని సన్నాయి తీయరా" అన్నాను.

నా లెక్క నాకుంది. ఎండాకాలమంతా ఆ ఈల విన్న పిల్లకు ఆ గ్రౌండులోనే, ఆ మేడమ్ ముందే, నా చేతిపని వినిపించాలి. ఒక్కసారి ఆ పిల్ల కళ్ళు నా వైపు తిరగాలి. అంతకు మించి నాకు ఏమీ వద్దు.

బయల్దేరేముందు పిల్ల బూట్లు కట్టుకుంటూ చెప్పింది. "నాయనా, ఆట మొదలయినంక మాత్రం వాయించొద్దు. మేము ఆ పక్కకొకరు ఈ పక్కకొకరు మొగం పెట్టి కూసోనుంటాం గదా. ఎనకాల నుంచి ఖో అంటే ఇనపడల్ల. ఇనపడంగానే లేసి ఉరకల్ల."

"నాకు తెలీదా ఏంది" అన్నాను.

ముఖ్య అతిథి కారు దిగగానే అందుకున్నాం. అబద్ధమెందుకు, ఆ రోజు బ్రహ్మాండంగా వాయించాను. పిల్లలు చుట్టూ మూగారు. మేడమ్ కూడా చప్పట్లు కొట్టింది. నా కూతురు మాత్రం గ్రౌండు అవతలి మూల కాళ్ళు చాపి ఒళ్ళు సాగదీసుకుంటూ ఉంది. ఒక్కసారి కూడా చూడలేదు.

ఆట మొదలైంది. మేమిద్దరం గీత పక్కన వేపచెట్టు కింద బెంచీ మీద కూచున్నాం, డోలు నా ఒళ్ళోనే ఉంది. నాకు ఆట సరిగా అర్థం కాకపోయినా పిల్ల బాగా ఆడుతున్నదని తెలుస్తూనే ఉంది. ఇద్దర్ని పట్టేసింది. చివరి నిమిషానికి రెండు జట్లూ సమానంగా వచ్చాయి. అవతలి జట్టులో ఒక్క పిల్ల మిగిలింది, అలిసిపోయి రొప్పుతూ, నా కూతురు కూచున్న చోటికి దగ్గరగానే తిరుగుతోంది. ఎవరో ఒకరు వచ్చి నా కూతురి వీపు తట్టి ఖో అంటే, లేచి రెండు అడుగులు వేస్తే, చెయ్యి చాపితే అందుతుంది. గ్రౌండంతా ఊపిరి బిగబట్టింది.

అప్పుడు ఆ మేడమ్ గీత మీదికి వంగి, గొంతు చించుకుని అరిచింది. "రెడీగా ఉండు! ఇంగ నీదే! నా బిడ్డ, నా బంగారు బిడ్డ!"

నా బిడ్డ.

ఆ మాట ఆ పిల్ల చెవిన పడకూడదనిపించింది. ఆలోచించి చేశానని చెప్పను, ఆలోచించకుండా చేశానని కూడా చెప్పలేను. కర్ర లేచింది, రెండు చేతులూ డోలు మీద పడ్డాయి. గట్టిమేళం. ఇరవై ఏళ్ళలో నేను అంత గట్టిగా వాయించింది లేదు. పది దెబ్బలో, పన్నెండో. మా బావమరిది నా మణికట్టు పట్టుకుని "ఏం జేస్తాండావు బావా!" అని అరిచేసరికి నా చెయ్యి ఆగింది.

కళ్ళెత్తి చూసేసరికి అంతా అయిపోయింది. ఒక పిల్ల నా కూతురి వెనక నిలబడి, వీపు మీద చెయ్యి పెట్టి ఉంది. నా కూతురు ఇంకా కూచునే ఉంది, ముఖం మాత్రం మా వేపచెట్టు వైపు తిరిగి ఉంది. అలిసిపోయిన ఆ అవతలి పిల్ల నాలుగు అడుగులు వేసి దూరంగా తప్పించుకుపోయింది. ఈల మోగింది. ఆట అయిపోయిన గుర్తుకు మేళం వాయించారేమో అనుకుని ముఖ్య అతిథి లేచి చప్పట్లు కొట్టాడు.

మేడమ్ పరుగున వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే తిరిగి తిట్టడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. "ఏమయింది సార్?" అని మాత్రం అడిగింది.

"ఎవరో తుమ్మినారు మేడమ్. మాకు అలవాటు. చెయ్యి ఆగలేదు" అన్నాను.

ఆమె నమ్మింది. పోయి పేర్లు రాసుకునే వాళ్ళతో చాలాసేపు వాదించింది, ఆ ఒక్క నిమిషం మళ్ళీ ఆడించమని చేతులు జోడించింది. వాళ్ళు ఒప్పుకోలేదు. పన్నెండో పేరుగా, పోటీలో మిగిలిన ఆ రెండో పిల్ల పేరు చదివారు. నా కూతురు పోయి మేడమ్ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆమె కూడా ఏడ్చింది. నేను డోలు మెడకు తగిలించుకుని పది అడుగుల దూరంలో నిలబడ్డాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అప్పుడు కూడా నాకు కుళ్ళే. ఏడ్వడానికి కూడా ఆ భుజమే కావలసి వచ్చిందా అని.

డోలును మా బావమరిదితో ఆటోలో పంపి, పిల్లను బండి మీద ఎక్కించుకున్నాను. దారిలో చెరకురసం బండి దగ్గర ఆపాను. చెంపల మీద దుమ్ము, దాంట్లో కన్నీళ్ళ చారలు. గ్లాసు పట్టుకుందే గానీ తాగలేదు.

"తప్పు నాదే పాపా" అన్నాను. "ఎవరో తుమ్మినారు, నేను వాయించేసినా. నీకు ఖో ఇనపడకపాయ."

"ఇనపడింది నాయనా" అంది.

"ఇనపడిందా? మరి లేయలేదేమి?"

"గట్టిమేళం అంటే మామ సన్నాయి గూడా రావల్ల గదా. డోలొక్కటే మోగింది. నువ్వెప్పుడూ అట్ల ఒక్కనివే మొదలుపెట్టవు. నీకేమో అయిందనుకున్నా. గుండె పట్టుకోని డోలు మీద పడినావేమో అనుకున్నా. అందుకే తిరిగి సూసినా."

ఆ పిల్ల నా ముఖంలోకి పరీక్షగా చూసింది. "నిజంగా నీకేం గాలేదు గదా?" అని అడిగింది.

"ఏం గాలేదు" అన్నాను.

ఎండాకాలమంతా ఆ ఒక్క చూపు కోసమే కదా కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. చూసింది. ఆ చూపుతోనే జిల్లా జట్టులో దాని చోటు పోయింది. ఆ రోజు గ్రౌండులో ఎవరూ తుమ్మలేదని నా కూతురికి నేను ఇంతవరకు చెప్పలేదు.