నెట్‌లో కొన్న కత్తి మోగలేదు

2008లో గుత్తిలో నాది రెండు కుర్చీల సెలూన్. ఒక కుర్చీలో గిరాకీ కూర్చునేవాడు, రెండోదాంట్లో ఊరి రాజకీయం కూర్చునేది. ఐదో తరగతిలో బడి మానేసి మా నాయన పక్కన నిలబడ్డవాణ్ణి. చదువు తక్కువ, నోరు ఎక్కువ. “కత్తి ఆడేటప్పుడు నోరు ఆడించొద్దురా ఓబులేసూ” అని నాయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఒక కత్తి పట్టుకున్న రోజు ఆ మాట ఎంత పెద్దదో తెలిసింది.

పాతకాలం మడత కత్తిని స్ట్రెయిట్ రేజర్ అంటారు. దాంట్లో బ్లేడు మార్చేది ఉండదు, కత్తే బ్లేడు. ఒకరికి వాడింది ఇంకొకరికి వాడితే జబ్బులు అంటుకుంటాయన్న భయం వచ్చాక, మేమంతా సగం బ్లేడు బిగించే పిడికి మారిపోయాం. నాయన కత్తిని మాత్రం ఏటా ఆయుధపూజకు రాయి మీద నూరి, పసుపు కుంకుమ పెట్టేవాణ్ణి. మిగతా రోజులంతా అది తోలు పట్టీతోపాటు నా సంచిలోనే పడి ఉండేది. పిడి పగిలితే నాయనే దారం చుట్టాడు. చూడ్డానికి కట్టు కట్టిన కాలులా ఉంటుంది.

ఒక శనివారం బ్యాంకులో పనిచేసే ప్రకాశం సారు చిన్న డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. పాత కత్తులు సేకరించి, తుప్పు తీసి, కొత్త పిడి వేసి నెట్‌లో అమ్మేవాళ్లు ఉంటారట. ఫొటో చూసి తెప్పించాడట. మూత తీస్తే నా మొహం కత్తిలో కనబడింది, గోడ మీది అద్దంలో కన్నా అందంగా.

“ఏం సార్, పెండ్లికూతుర్ని పార్సిల్‌లో తెప్పించినారే!” అన్నాను.

ఆయన నవ్వలేదు. “మా నాయనకు. పక్షవాతమొచ్చి ఆర్నెల్లాయ. కుడిచెయ్యి పాయ, మాట పాయ. గడ్డం చేయనీడు, బ్లేడు చూస్తే మొహం తిప్పుకుంటాడు. జీవితమంతా మడత కత్తితో సొంతంగా గీసుకున్న మనిషి. ఆ కత్తి ఇల్లు మారేటప్పుడు యాడ పోయిందో. ఇది చూస్తే ఒప్పుకుంటాడేమోనని.”

“చేద్దాంలే సార్.”

“ఒక మాట. రక్తం పలచబడే మాత్రలు ఇచ్చినాడు డాక్టరు. గాటు పడితే రక్తం నిలబడదంట. ఇంట్లో అందరూ ఆయనకేం తెలీదంటాండారు. నాకు మాత్రం ఆయన లోపల ఉండాడనే అనిపిస్తాంది.”

వాళ్ల నాయన రంగప్పను నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదును. రైల్వే యార్డులో నిలిచిన గూడ్సు బండి పక్కన నడుస్తూ, ఒక్కో చక్రాన్నీ పొడుగు సుత్తితో కొట్టి మోత వినేవాడు. బాగున్న చక్రం గంటలా మోగుతుంది, పగిలింది బొంగురుపోతుంది. అట్లాంటిది దొరికితే ఆ పెట్టె మీద చాక్‌పీసుతో ఇంటూ గుర్తు పెట్టేవాడు. ఇక ఆ పెట్టె కదలడానికి లేదు.

కొత్త కత్తి చేతికొస్తే మా నాయనా అట్లాంటి పనే చేసేవాడు. వేళ్ల మధ్య వదులుగా పట్టుకొని, గోటితో మీటి, చెవి దగ్గర పెట్టేవాడు. ఆ విద్య నాకూ వచ్చు. ఆ రోజు చేయలేదు. సారును ఎట్లా నవ్వించాలా అన్న ధ్యాసలో ఉన్నాను. రాయి మీద నూరాను, దాన్ని హోనింగ్ అంటారు. తోలు పట్టీ మీద లాగాను, అది స్ట్రాపింగ్. ముంజేతి వెంట్రుకలు తెగాయి. చాలనుకున్నాను.

మరునాడు పొద్దున వాళ్ల వరండాలో పెద్దాయన మెడకు తువ్వాలు చుట్టాను. “ఏం పెద్దాయనా, ఋషి మాదిరి అయినావే! తపస్సు ఎప్పుడు చాలిస్తావ్?” రెప్ప కూడా కదల్లేదు.

తలుపు దగ్గర నుంచి కోడలు అంది: “ఆయనకేం తెలీదులేన్నా, నువ్వు కానీ.”

నురుగు పట్టించాను. కత్తిని పట్టీ మీద నాలుగుసార్లు లాగి గొంతు దగ్గరికి తెచ్చాను. పెద్దాయన ఎడమచెయ్యి లేచి నా మణికట్టు పట్టుకుంది.

“భయపడొద్దు నాయనా, ఓబులేసే” అన్నాడు ప్రకాశం సారు.

అది భయం కాదు. కత్తిని తన చెవి దాకా లాక్కొని, బిగించి పట్టిన నా వేళ్లను ఒక్కొక్కటే వదులు చేశాడు. గోటితో మీటాడు. టక్. ఇంకోసారి. టక్. చచ్చిన మోత. నా మొహంలోకి ఒకసారి చూసి, తన చెంప మీది నురుగులో వేలు ముంచి, కుర్చీ చేతి మీద ఇంటూ గుర్తు పెట్టాడు.

ప్రకాశం సారు “నాయనా” అని నేల మీదే కూలబడ్డాడు.

కత్తిని ఎండకు పెట్టి తిప్పి చూశాను. మడమ దగ్గర, అంటే పిడి వైపు అంచు మొదట్లో, మెరుగు కింద వెంట్రుకంత గీత. గుడ్డ చుట్టి బొటనవేలితో నొక్కితే గోరంత ముక్క ఊడి వచ్చింది. అది ఊడవలసింది ఆయన గొంతు మీద. పెద్దాయన కాళ్లు పట్టుకున్నాను.

పెద్దాయన చూపు, దారం చుట్టిన పిడి బయటికి కనబడుతున్న నా సంచి మీదికి పోయింది. మా నాయన కత్తి బయటికి తీశాను. పదేళ్లలో అది ఎవరి మొహాన్నీ తాకలేదు. అయినా కోడలితో నీళ్లు కాయించి, కత్తిని మరిగించి, స్పిరిటుతో తుడిచి, పట్టీ మీద లాగి ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను. ఈసారి వదులుగానే. మీటాడు. సన్నగా, చాలాసేపు సాగింది. ఆ మోత పూర్తిగా ఆగేదాకా విని, కళ్లు మూసుకొని, తల వెనక్కి వాల్చి గొంతు నాకిచ్చాడు.

అరగంట పట్టింది. ఒక్క గాటు పడలేదు. నేను ఒక్క మాట మాట్లాడలేదు. చివర్లో కోడలు గిన్నె తెచ్చి ఆయన పక్కన కూర్చుంది. “మామా, నీళ్లు వేడిగా ఉండాయా, చూడు” అని ఆయననే అడిగింది.

ఆ తర్వాత రెండేళ్లు వారం వారం పోయాను. ఆ కత్తి ఆయన ఒక్కడికే. ఆయన పోయాక అది మళ్లీ సంచిలోకి చేరింది.

ఇప్పుడు నెట్‌లో కొన్న కత్తులు నా దగ్గరికి చాలానే వస్తాయి. మెరుపు చూడను. ముందు మీటి చెవికి పెట్టుకుంటాను. “ఏమప్పా, కత్తిని ఫోను మాదిరి పెట్టుకున్యావే, ఎవురు లైన్లో?” అని గిరాకీలు ఎగతాళి చేస్తారు. మోత ఆగేదాకా జవాబివ్వను. ఆగాక చెబుతాను:

“రంగప్ప.”