గోతంలో గురగుర

పిల్లి ఒళ్ళో కూర్చుని గురగురమంటే, "అబ్బ, ఎంత సుఖంగా ఉందో చూడు" అని మురిసిపోయేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సుఖమని వాళ్ళకెవరు చెప్పారు? నేనూ ఒకప్పుడు అలా అనుకున్నదాన్నే. ఇప్పటికీ ఆ చప్పుడు వింటే అక్కణ్ణించి లేచి వెళ్ళిపోతాను.

మాది మదనపల్లెలో ఒక నేత ఇల్లు. డెబ్బైల మొదట్లో సంగతి ఇది. నాకు పదేళ్ళు, తమ్ముడికి నాలుగు. నడింట్లో రెండు గుంత మగ్గాలుండేవి, నేసేవాడు గుంతలోకి కాళ్ళు దింపుకుని కూర్చునేవి. ఒకదాని మీద నాయన పట్టుచీరలు నేసేవాడు. తాత పోయాక రెండోది ఖాళీగా పడి ఉండేది. పిల్లలు పడిపోకుండా దాని గుంత మీద చెక్కలు పరిచి పెట్టాం. గంజి పెట్టిన పడుగు దారాలంటే ఎలుకలకు పాయసం. అవి ఒక్కపూట కొరికితే నెల కష్టం నీళ్ళపాలు. అందుకని నేతవాళ్ళ ఇంట్లో పిల్లి ఉండాల్సిందే. మాది బూడిదరంగు పిల్లి. దానికి పేరంటూ ఏమీ పెట్టలేదు.

తమ్ముడికి ఆయాసం. కార్తీకం చలి మొదలయిందంటే వాడి రొమ్ములో గురగుర మొదలయ్యేది. పిల్లేమో ఎప్పుడూ వాడి పక్కలోనే. అది గురగుర, వాడు గురగుర. ఒకనాడు మా అవ్వ, అంటే నాయన తల్లి, ఆ రెండు చప్పుళ్ళనూ చెవులు రిక్కించి విని తేల్చేసింది.

"దానికుండే ఆయాసమే బిడ్డకు ఎక్కతాండాది. ఇను, ఇద్దరిదీ ఒకటే కూత. దాన్ని ఇంట్లో పెట్టుకోని వీనికి మందులు పోస్తే యాడ తగ్గుతాది?"

పక్కింట్లో ఒక సాయిబుల ముసలామె ఉండేది. పిల్లలమంతా ఆమెను నానీ అనేవాళ్ళం. "అట్లనొద్దమ్మా. అది తస్బీ తిప్పతాండాది. గురగురమన్నప్పుడంతా అల్లా పేరు తల్సుకుంటాదని మా పెద్దోళ్ళు చెప్తారు" అంది గోడ అవతల నుంచి.

"ఆ జపమేదో నా మనవని రొమ్ము మీదే కూసోని చెయ్యాల్నా?" అంది అవ్వ.

అమ్మ ఎవరి పక్షమూ మాట్లాడలేదు. తమ్ముడు దగ్గితే చాలు, ఆమె ముఖం పాలిపోయేది. అలాంటప్పుడు ఎవరేం చెప్పినా నమ్మేది. నాయన మాత్రం రెండు రోజులు ఊగిసలాడి, మూడోరోజు గోతం దులిపాడు.

పిల్లిని వదిలించుకోవడానికి మా వీధిలో ఒక పద్ధతి ఉండేది. గోనెసంచిలో వేసి మూతి కట్టి, గడప దాటగానే మూడుసార్లు గిరగిరా తిప్పాలి. అలా తిప్పితే దానికి దిక్కు తెలియదని నమ్మకం. తర్వాత ఇంకో ఊర్లో వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి. నాయన పుంగనూరు సంతకు పోతూ నన్ను కూడా బయల్దేరదీశాడు. పిల్లిని గోతంలోకి తోయడం, తాడు బిగించడం, తిప్పడం, అన్నీ తమ్ముడు గడపలో నిలబడి రెప్పవేయకుండా చూశాడు.

"దాన్ని యాల ఏస్తాండావు నాయనా?" అని అడిగాడు.

"గురగురమంటాండాది కదప్పా, అందుకే" అన్నాడు నాయన.

బస్సులో గోతం నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. దారి పొడవునా అది గురగురమంటూనే ఉంది. తొడలకు వెచ్చగా ఆ అదురు తెలుస్తుంటే, నాతో వస్తున్నందుకు సంతోషపడుతోందనుకున్నాను. ఆ అనుకోవడం నాకెంతో హాయిగా ఉండింది. సంత వెనక తాడు విప్పితే బయటికొచ్చి నా కాళ్ళ దగ్గరే కూర్చుంది, అప్పుడూ గురగురమంటూనే. నాయన నా చెయ్యి పట్టి లాగాడు. నేను వెనక్కి చూడలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, ఎనభైల్లో, కుప్పంలో టీచరుగా ఉన్నప్పుడు ఒక పిల్లి బండి చక్రం కింద పడింది. గోనెపట్టాలో ఎత్తుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. నడుము విరిగిన ఆ పిల్లి చచ్చేదాకా గురగురమంది. నేను బిత్తరపోయి ఆయన వైపు చూశాను. "సంతోషమైనా అంటాది, నొప్పయినా అంటాది, బెదిరినా అంటాది టీచరమ్మా. దాన్ని అదే ఊరడించుకుంటాందేమో. ఇందుకేనని కచ్చితంగా చెప్పినోళ్ళు ఎవురూ లేరు" అన్నాడు. పుంగనూరు బస్సులో నా ఒళ్ళో ఉన్నది సంతోషం కాదు, బెదురని అప్పుడు తట్టింది నాకు.

మళ్ళీ మదనపల్లె సంగతికొస్తే, మా పిల్లి ఇంట్లోంచి పోయాక తమ్ముడి తీరు మారింది. పొద్దున్నే వచ్చి నాయన మగ్గం పక్కన, గుంత అంచున కూర్చునేవాడు. నేసేటప్పుడు ముందుకూ వెనక్కూ ఆడే మగ్గం పలక దడదడ కొట్టుకుంటున్నంతసేపూ కదిలేవాడు కాదు. నాయన చేతులు ఆపితే లేచి పెరట్లోకి పోయేవాడు. వీడికి అప్పుడే నేత మీద మనసైందని మేమంతా ముచ్చటపడ్డాం. "సూస్తిరా, పిల్లి పాయ, కూత పాయ" అని అవ్వ వీధిలో నలుగురికీ చెప్పుకుంది. మగ్గం చప్పుడులో ఏం కలిసిపోతోందో ఆ ఇంట్లో ఒక్కరం కూడా వినలేదు.

అమావాస్య వచ్చింది. అమావాస్యనాడు మా వాళ్ళు మగ్గం ఎక్కరు. మధ్యాహ్నం ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. అమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతోంది, అవ్వ అరుగు మీద ఒత్తులు చేసుకుంటోంది, నాయన వీధి చివర ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేను నడింట్లోకి వచ్చేసరికి తాత మగ్గం గుంత మీద ఒక చెక్క కాస్త జరిగి ఉంది. లోపలి నుంచి వినిపించింది, గురగుర.

పిల్లి తిరిగొచ్చింది! మూడుసార్లు తిప్పినా, అంత దూరం నుంచి దారి పట్టుకుని వచ్చేసింది. నా గుండె ఎగిరి గంతేసింది. వెంటనే భయమూ వేసింది. అవ్వ చెవిన పడితే మళ్ళీ గోతమే. గబగబా బొంత తెచ్చి చెక్కల మీద పరిచాను. చప్పుడు బయటికి రాకుండా నాలుగు మూలలూ అదిమాను. తర్వాత వంటింట్లోకి పోయి, అమ్మ చూడకుండా కొబ్బరిచిప్పలో పాలు పోసుకుని, ఒలకకుండా మెల్లగా నడిచి వచ్చాను.

బొంత తీసి చెక్క ఎత్తాను. గుంతలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నది తమ్ముడు.

రెండు చేతులతో నోరు మూసుకుని ఉన్నాడు. నేను ఆ చేతులు తీస్తే పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంటలు పడుతున్నాయి. నా చేతిలోని చిప్ప జారి పాలన్నీ వాడి తల మీద పడ్డాయి.

"అరవద్దు... అక్కా" అన్నాడు, ఒక్కో మాటకూ ఊపిరి వెతుక్కుంటూ. "నాయనకు... ఇనబడతాది."

నేను అరిచాను. అంత గట్టిగా మళ్ళీ ఎన్నడూ అరవలేదు. నాయన వీధిలోంచి వచ్చి వాణ్ణి పైకి లాగి, భుజాన వేసుకుని, చెప్పులు కూడా లేకుండా డాక్టరింటికి పరిగెత్తాడు. నేను వెనకాలే పరిగెత్తాను. వాడి తల నాయన భుజం మీద వేలాడుతోంది. చచ్చిపోతాడు, నా తమ్ముడు చచ్చిపోతాడు, బొంత కప్పింది నేనే. ఆ దారిలో నా తలలో ఇంకో మాట లేదు.

అంగళ్ళ వీధికి వచ్చేసరికి వాడు నాయన చెవిలో అన్నది నాకూ వినబడింది.

"నిలిపేస్తా నాయనా... గురగుర నిలిపేస్తా. గోతంలో... ఎయ్యొద్దు."

నాయన నడివీధిలో ఆగిపోయాడు. ఒక్క క్షణమే. ఆ తర్వాత ఆయన్ని నేను అందుకోలేకపోయాను.

డాక్టరు సూది వేశాడు. చీకటి పడేలోగా వాడి పెదాలకు రంగు వచ్చింది. "ఇంకో పావుగంట ఆలస్యమై ఉంటే నా చేతుల్లో ఉండేది కాదు" అన్నాడు డాక్టరు. నాయన ఎవరినీ ఏమీ అనలేదు, అవ్వను కూడా. బొంత సంగతి నేనూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే చెబుతున్నాను.

మూడోనాడు నాయన చెప్పాపెట్టకుండా మొదటి బస్సుకు పోయాడు. పుంగనూరు పోయి సంత వీధులన్నీ గాలించాడట, పిల్లిని తెచ్చి వాడి ఒళ్ళో పెడదామని. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. తమ్ముడు అమ్మ ఒళ్ళో కూర్చుని ఉన్నాడు. రొమ్ములో ఇంకా సన్నగా కూత వస్తూనే ఉంది.

"దొరకలేదప్పా" అన్నాడు నాయన గడపలో నిలబడి. ఆయన చంకలో మడిచి పెట్టుకున్న ఖాళీ గోతం ఉంది.

తమ్ముడు నాయన ముఖం చూడలేదు. గోతాన్నే చూస్తూ, రెండు చేతులతో నోరు మూసుకుని, ఊపిరి బిగబట్టాడు.