భూతద్దం బావ తప్పు చెప్పిన నాణెం

భూతద్దం బావకు లోకంలో ఏ మచ్చ కనిపించినా ఒకటే సందేహం: ఇది పుట్టుకతో వచ్చిందా, తర్వాత తగిలిందా? పాత నాణేల కొట్లో వెనక బల్ల దగ్గర ఆ సందేహం అన్నం పెట్టేది. కొట్టు దాటితే మాత్రం పరువు తీసేది. ఒకసారి గడ్డం గీయించుకోవడానికి వెళ్లి, మంగలి దవడ కింద గీత చూసి, అతన్నే కుర్చీలో కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి భూతద్దం పెట్టారు. చిన్నప్పుడు పడ్డ దెబ్బేనని తేల్చారు. మంగలికి గుర్తులేదు. ఇంటికి వెళ్లి వాళ్లమ్మను అడిగొచ్చి మరీ ఒప్పుకున్నాడు.

ఎదురింటావిడ చంటిపిల్లను చూపిస్తే, ముద్దు చెయ్యడానికి ముందు గడ్డం మీది సొట్టను పరీక్షించారు. "అచ్చులోనే ఉందమ్మా, దిగులు పడకు" అన్నారు. అంతవరకూ ఆవిడకు దిగులే లేదు.

ఇల్లుగలాయన గోడ పగులు చూసి, ఇల్లు పాతబడిందిలెండి అని తనంతట తానే సరిపెట్టుకుంటుంటే, బావ ఊరుకున్నారా? అది పాతబడి వచ్చిన పగులు కాదనీ, తాము కొట్టిన మేకు వల్లే వచ్చిందనీ అరగంట నిరూపించారు. సున్నం ఖర్చు భార్య నెత్తిన పడింది. తనకు నష్టం వచ్చినా సరే, మచ్చ విషయంలో అబద్ధం ఆయన నోట రాదు.

కొట్లో ముందు గల్లా దగ్గర కూర్చునేది బావ భార్య తమ్ముడు. వీధంతా అతన్ని బావమరిది అనే పిలిచేది. కొట్టు అతనిదే అయినా, పని నేర్పింది బావే. లోహాన్ని రేకుగా సాగదీసేటప్పుడు లోపల చెత్త ఇరుక్కుంటే ఒక్కోచోట పొర లేస్తుంది. ఆ లోపం మీదే అచ్చు పడుతుంది కాబట్టి గుంటలో కూడా అక్షరం లీలగా కనిపిస్తుంది. అదే దెబ్బయితే అక్షరాన్ని పక్కకు నెట్టేస్తుంది, అంచున లోహం గట్టులా లేస్తుంది. వానకు తలదాచుకుందామని వచ్చినవాళ్లకు కూడా బావ ఈ పాఠం చెప్పేవారు. వాన వెలిసినా వదిలేవారు కాదు.

ఒకరోజు ఒక పెద్దావిడా, ఆవిడ కోడలూ కొట్టుకు వచ్చారు. పెద్దావిడ చేతిలో పోయిన భర్త ఎంతో ప్రాణంగా దాచుకున్న వెండినాణెం ఉంది. దాని మీద రాజుగారి చెవి పక్కన ఒక గుంట. తుడవమని ఇస్తే కోడలే పాడుచేసిందని ఆవిడ అనుమానం. నిజం తేలితే కోడల్ని ఆ సాయంత్రమే పుట్టింటికి పంపిస్తానని కొట్టు వినేలా చెప్పింది. కోడలు తలెత్తలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

బావ నాణేన్ని చాలాసేపు చూశారు. తర్వాత కోడలి వేళ్లకేసి చూశారు. మళ్లీ నాణెం చూశారు.

"పుట్టుకతోనే ఉందమ్మా" అన్నారు. "టంకసాలలోనే పొర లేచింది. మీ కోడలి తప్పేం లేదు."

నాణేన్ని కవర్లో పెడుతూ బావమరిది తన అద్దంతో ఒకసారి చూసుకున్నాడు. అంచున గట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. చాకు మొనతో గీకిన గాటు! వాళ్లు వెళ్లాక అడిగితే, చెప్పాను కదా అని బావ అద్దం తుడుచుకున్నారు.

బావకు చూపు పోయిందని బావమరిది ఆరోజే తీర్మానించుకున్నాడు. ముందు చిక్కు నాణేలు వేరే నిపుణుడికి పంపడం మొదలుపెట్టాడు. తర్వాత ఆ నిపుణుడినే కొట్లోకి తెచ్చుకున్నాడు. ఆఖరికి ఒకరోజు, ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి బావా అన్నాడు. బావ భూతద్దం జేబులో వేసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు. ఆ తర్వాత అక్క చాలాకాలం తమ్ముడితో ముభావంగానే ఉంది. బావ మాత్రం ఇంట్లో గరిటెల సొట్టలు పరీక్షిస్తూ కాలక్షేపం చేశారు. కొన్నేళ్లకు ఆయన కంటినరం నిజంగానే దెబ్బతింది. ఆపరేషన్‌తో లాభం లేదన్నారు డాక్టర్లు. ముందే కనిపెట్టానని బావమరిది లోలోపల గర్వపడ్డాడు కూడా.

మొన్న ఆ కోడలు మళ్లీ కొట్టుకు వచ్చింది. జుట్టు నెరిసింది. అత్తగారు పోయిందట. పోయేదాకా వచ్చినవాళ్లందరికీ ఆ గుంటను పుట్టుమచ్చ అంటూ మురిపెంగా చూపించేదట. వెనక బల్ల వైపు చూసి, ఆ పెద్దాయన లేరా అని అడిగింది.

"ఆరోజు గుమ్మం దాకా వచ్చి నా ఒక్కదానికే చెప్పారండీ. ఇంకెప్పుడూ చాకు పెట్టి గీకకమ్మా, నల్లమచ్చ ఉంటే ఉండనీ అని."

బావమరిది కొట్టు నిపుణుడికి ఒప్పగించి తిన్నగా అక్క ఇంటికి నడిచాడు. బావ కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. అడుగుల చప్పుడును బట్టి పోల్చుకున్నారు.

"నాకైనా చెప్పచ్చు కదా బావా?"

"నీకు చెబితే వీధికి చెప్పినట్టే. ఆ పిల్ల ఆ ఇంట్లో బతకాలి."

"పోనీ, నేను మిమ్మల్ని పంపేసేటప్పుడైనా?"

"అప్పటికి ఆ అత్తగారు గుండ్రాయిలా ఉంది కదయ్యా."

బావమరిది రేపు వచ్చి బల్ల దగ్గర కూర్చోమని బతిమాలాడు. వచ్చి ఏం చూడనయ్యా, ఇప్పుడు నిజంగానే కనిపించడం లేదు అన్నారు బావ, నిష్ఠూరం లేకుండా.

తర్వాత బావే అడిగారు. "ఇంతకీ ఈ సంగతి ఎవరితోనైనా అన్నావా?"

"లేదు బావా." కాస్త ఆగి, "వచ్చే దారిలో దర్జీకి. ఆ ఒక్కడికే" అన్నాడు.

బావ నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకున్నారు. ఏమైందంటూ అక్క వంటింట్లోంచి తడిచేతులతో వచ్చింది. బావ చెప్పలేదు. బావమరిది మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని, అక్కకు మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.