నా కుడి మోకాలు, సలీం దగ్గు

మోకాలు వాచిన రోజు నన్నెవరూ తన్నలేదు. కలకత్తా మైదానంలో పొద్దున ప్రాక్టీసు ముగించి, క్లబ్ టెంటులో బెంచీ మీద కూర్చుని మేజోడు కిందికి లాగాను. కుడి మోకాలి చిప్ప కనబడలేదు. దాని చుట్టూ ఉండాల్సిన గుంటలన్నీ పూడిపోయి, మోకాలు నున్నగా, గుండ్రంగా ఉంది. వేలితో నొక్కితే లోపల నీళ్ళు కదిలినట్టనిపించింది. నొప్పి పెద్దగా లేదు. అదే నాకు నచ్చలేదు. ఫుట్‌బాల్ ఆడేవాడికి ఏ దెబ్బ ఎక్కడ తగిలిందో గుర్తుంటుంది. ఎంత ఆలోచించినా ఆ వాపుకి నాకు కారణం దొరకలేదు.

నా పేరు నర్సింగ్. మాది హైదరాబాద్ పాతబస్తీలో జహనుమా. మా బాపు ఫలక్‌నుమా అవతల రైలు గేటు దగ్గర పనిచేసేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోతే బాలమణి అక్క నన్ను పెంచింది. మా గల్లీ చివర ఖాదర్ సాబ్ అనే దర్జీ ఉండేవాడు. పొద్దు వాలగానే మిషన్ మీద గుడ్డ కప్పి, గల్లీ పిల్లలందరినీ ఆటకి తీసుకుపోయేవాడు. ఆయన కొడుకు సలీం గోల్‌కీపర్. నేను రైట్ వింగ్‌లో ఆడేవాణ్ణి. ఒక టోర్నమెంటులో మమ్మల్ని చూసి కలకత్తా క్లబ్ ఒకటి ఇద్దరినీ రమ్మంది. హైదరాబాద్ ఆటగాళ్ళంటే అప్పట్లో అక్కడ గిరాకీ ఉండేది. నాకు పదిహేడేళ్ళు, సలీంకి నాకంటే ఒక ఏడు ఎక్కువ. స్టేషన్లో బాపు నా ట్రంకు పెట్టె రైలెక్కించాడు. ఖాదర్ సాబ్, ఇద్దరూ ఒకే గదిలో ఉండండి, ఒకరినొకరు చూసుకోండి అని చెప్పి పంపాడు.

మేము అలాగే ఉన్నాము. క్లబ్ మెస్‌లో మేడమీద గది మాది. ఒక్కటే కిటికీ. వానాకాలమంతా దాన్ని మూసే ఉంచాల్సి వచ్చేది. గోడలు చెమ్మకి పెచ్చులూడేవి. మొదటి రెండు మూడు సీజన్లు నాకు బాగా నడిచాయి. చేపల కూర అలవాటైంది, బెంగాలీ నోటికొచ్చింది, బజారులో జనం నన్ను గుర్తుపట్టేవాళ్ళు. సలీం దగ్గు కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. వాడు సిగరెట్ ముట్టేవాడు కాదు. ఈ ఊరి నీళ్ళు పడలేదనేవాడు. చలికాలంలో మొదలైన దగ్గు ఎండలొచ్చినా పోలేదు. రోజూ వింటూ వింటూ, గదిలో ఫ్యాన్ చప్పుడులాగా నేను దాన్ని పట్టించుకోవడం మానేశాను.

నా మోకాలు వాచింది ఆ తర్వాతి సీజన్లో. క్లబ్ డాక్టర్ చూసి, "వాటర్ ఇన్ ద నీ. నథింగ్ సీరియస్" అన్నాడు. సూదితో నీళ్ళు లాగేశాడు. అవి పచ్చగా, కొంచెం మబ్బుగా ఉన్నాయి. వాటిని పారబోసి, అదే చోట ఇంకో ఇంజెక్షన్ చేశాడు. దాని పేరు హైడ్రోకార్టిసోన్ అని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. మర్నాడు కాలు దూదిలా తేలికగా ఉంది. ఆ వారం మ్యాచ్‌లో నేను ఇచ్చిన పాస్‌కే గోల్ పడింది. క్లబ్ సెక్రెటరీ నా భుజం తట్టి, చూశావా, ఏమీ లేదు అన్నాడు.

మళ్ళీ వాచింది. మళ్ళీ లాగారు, మళ్ళీ ఇంజెక్షన్ చేశారు. ప్రతిసారీ వాపు ఇంకా తొందరగా తిరిగొచ్చేది. కొన్నాళ్ళకి కుడి తొడ సన్నబడింది. నిక్కరు ఆ పక్క వదులుగా ఊగుతుంటే అద్దంలో చూసుకుని భయమేసింది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది, పొద్దునకి తగ్గిపోయేది. అన్నం సయించేది కాదు. ఒక పొద్దున సలీం మంచం మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు.

"నిద్రల గట్ల మొత్తుకున్నవేంది నర్సింగ్? కాలు పట్టుకోని చిన్నపోరని లెక్క ఏడ్చినవ్."

నాకేమీ గుర్తులేదు. కల వచ్చి ఉంటుందన్నాను. కానీ అది కొన్ని రాత్రులు వరసగా జరిగిందని వాడు చెప్పాడు. సలీం నన్ను వేరే డాక్టర్ దగ్గరికి పోదామన్నాడు. నీ దగ్గు కూడా చూపించు అన్నాను. వాడు నవ్వేసి, బూట్ల లేసులు కట్టుకుంటూ తల వంచుకున్నాడు. ఇద్దరం ఎక్కడికీ వెళ్ళలేదు. సెమీఫైనల్ దాకా ఓపిక పట్టమని, తర్వాత కావలసినంత రెస్ట్ ఇస్తామని సెక్రెటరీ చెప్పాడు.

సెమీఫైనల్లో నేను ఎక్కువసేపు ఆడలేదు. బంతి నా దగ్గర లేదు, పక్కన ఎవరూ లేరు. ఒక్కసారి మలుపు తిరిగితే మోకాలు లోపలినుంచి విడిపోయినట్టయి, బురదలో కూలబడ్డాను. స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే గ్యాలరీలో జనం తిట్టారు. నాటకమన్నారు. మొన్నటిదాకా నా పేరు పెట్టి అరిచినవాళ్ళే వాళ్ళు. డాక్టర్ ఈసారి మోకాలి మీద చేయి పెట్టి వెంటనే తీసేశాడు. ఇంజెక్షన్ చేయలేదు. ఇంటికెళ్ళి రెస్ట్ తీసుకోమన్నాడు. నన్ను చూసి కాక గోడకేసి చూస్తూ ఆ మాట అన్నాడు.

సలీం నన్ను హౌరాలో రైలెక్కించాడు. నా ట్రంకు పెట్టె మోసుకుని మెట్లెక్కేసరికి వాడికి ఊపిరి అందలేదు. స్తంభానికి ఆనుకుని చాలాసేపు దగ్గాడు. నోటికి అడ్డం పెట్టుకున్న దస్తీ మీది ఎర్ర మరకని చూసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏందది అని అడిగాను. తమలపాకు వేసుకున్నానన్నాడు. వాడు ఆకు వేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంట్లో అక్క నా కాలు చూసి, నన్ను మంచం మీద పడుకోబెట్టింది. అప్పటికి ఆమెకి పెళ్ళయి ఛత్రినాకలో ఉంటోంది. నా కోసం పిల్లల్ని తీసుకుని జహనుమాకి వచ్చేసింది. కొన్ని రోజులు నూనె రాసి కాపడం పెట్టింది. వేడి తగిలిన కొద్దీ మోకాలు ఇంకా ఉబ్బింది. దాంతో బాపు సెలవు పెట్టి, రిక్షాలో నయాపూల్ దాటించి సర్కారు దవాఖానకి తీసుకుపోయాడు.

అక్కడ ఎముకల డాక్టర్ నడివయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. ఇంజెక్షన్ల సంగతి రాసుకుని, వాపు గురించి అడిగినదానికంటే జ్వరం గురించి, బరువు గురించి ఎక్కువ అడిగాడు. నిద్రలో అరిచే సంగతి చెప్పగానే రాయడం ఆపాడు. ఎక్స్‌రే తీయించారు. ఈఎస్ఆర్ అనే పరీక్షకి రక్తం తీశారు. చేతి మీద సూది గుచ్చి మాంటూ టెస్ట్ అని ఒకటి చేస్తే అక్కడ ఎర్రగా రూపాయి బిళ్ళంత దద్దు లేచింది. తర్వాత మోకాలు కొద్దిగా కోసి బయాప్సీకి ముక్క పంపారు. రిపోర్ట్ వచ్చిన రోజు డాక్టర్ ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి పెట్టి చూపించాడు. ఎముకల మధ్య ఉండాల్సిన ఖాళీ దాదాపు లేదు. అంచులు చెదలు తిన్నట్టున్నాయి.

"ఇది ఆటలో తగిలిన దెబ్బ కాదు. టీబీ. కీలు లోపల టీబీ. ఈ ఇంజెక్షన్లు ఎవరు చేశారు?"

చెప్పాను. ఆయన ఎక్స్‌రేని బల్ల మీద పెట్టాడు. నిద్రలో అరుపులు ఈ జబ్బు లక్షణమేనని, ఆ మందు నొప్పిని తగ్గిస్తుంది కానీ లోపలి జబ్బుకి తలుపులు తీస్తుందని, మొదట్లోనే పట్టుకుని ఉంటే కీలు దక్కేదేమోనని చెప్పాడు. నేను మళ్ళీ ఆడతానా అని బాపు అడిగాడు. ముందు కాలు సంగతి చూద్దాం అన్నాడాయన. ఇంకో ప్రశ్న కూడా అడిగాడు. మీతో ఉండేవాళ్ళలో ఎవరికైనా చాలా రోజులుగా దగ్గుందా?

ఆ మాటతో నాకు హౌరా స్టేషన్, ఆ దస్తీ కళ్ళ ముందుకొచ్చాయి. సలీం పేరు చెప్పాను. వాడి నుంచే వచ్చిందని చెప్పలేమని, ఎక్కడినుంచైనా రావచ్చని, కానీ ఆ అబ్బాయికి వెంటనే ఎక్స్‌రే తీయాలని డాక్టర్ అన్నాడు.

ఆ సాయంత్రం బాపు ఖాదర్ సాబ్‌ని పిలుచుకొచ్చాడు. ఆయన మెడలో టేపు అలాగే ఉంది. నేను చెబుతున్నంతసేపూ దాన్ని వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు. మర్నాడే కలకత్తాకి ట్రంక్ కాల్ చేశాడు. సలీం ఏమన్నాడో ఆయనే వచ్చి చెప్పాడు. సీజన్ అయిపోయాక వస్తానన్నాడట. ఇప్పుడు ఎక్స్‌రే అంటే తన జాగాలో ఇంకొకడిని నిలబెడతారని, రెండు నెలల్లో ఏమీ కాదని అన్నాడట. పిల్లవాడు తిండి బాగానే తింటున్నానన్నాడు అని ఖాదర్ సాబ్ మాకు చెప్పినట్టు కాక తనకే చెప్పుకున్నట్టు అన్నాడు.

నాకు తొడ దాకా ప్లాస్టర్ వేశారు. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, ఐఎన్‌హెచ్ మాత్రలు, వాటితో పాటు పీఏఎస్ అని దోసెడు మాత్రలు. పీఏఎస్ మింగితే కడుపులో మంట, వాంతి. అక్క నా ముందు కూర్చుని ఒక్కొక్కటీ మింగించేది. కొన్ని వారాలకి జ్వరం తగ్గింది, ఆకలి పుట్టింది. ఇక గండం గడిచిందనుకున్నాం. అంతలో చెవుల్లో హోరు మొదలైంది. లేచి కూర్చుంటే ఇల్లు గిర్రున తిరిగేది. అక్క పక్కనుంచి పిలిచినా ఎడమ చెవికి వినపడేది కాదు. ఇంజెక్షన్ వల్లేనని చెప్పి డాక్టర్ దాన్ని ఆపి మందు మార్చాడు. ఆ మధ్యలోనే ప్లాస్టర్ కింద తడి తగిలింది. విప్పి చూస్తే మోకాలి పక్కన చిల్లు పడి చీము కారుతోంది.

ఆ రోజుల్లోనే సలీం వచ్చాడు. చలికాలం పొద్దున, నేను వాకిట్లో మంచం మీద ఎండకి పడుకుని ఉన్నాను. వాడు గడపలోపలికి రాలేదు. ముక్కుకీ నోటికీ దస్తీ అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. గోల్ అంతటినీ ఆక్రమించినట్టుండే మనిషికి ఇప్పుడు చొక్కా భుజాల మీదినుంచి జారిపోతోంది. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ పాడైనట్టు తేలిందని, ఊరి బయట టీబీ దవాఖానలో చేరుతున్నానని చెప్పాడు. వెళ్ళబోయి ఆగాడు.

"నీకు నానుంచే అంటుకుందా?"

"ఎవలూ చెప్పలేరన్నడు డాక్టర్. పచ్చి పాలతోని గూడ వస్తదట."

"గట్లనా" అన్నాడు. నమ్మాడో లేదో తెలియదు. "నువ్వు మందులు ఇడువకు నర్సింగ్. నేను గూడ ఇడువ. ఎవలు ముందు లేస్తరో సూద్దాం."

నాకు ఆపరేషన్ తప్పదని ఆ నెలలోనే తేలింది. డాక్టర్ బాపునీ నన్నూ కూర్చోబెట్టి సూటిగా చెప్పాడు. "కీలు ఉంచలేను. కాలు ఉంచుతాను." రెండు ఎముకల చివరలూ చెక్కి, కలిపి బిగించేస్తారు. ఆర్థ్రోడెసిస్ అంటారు. మోకాలు ఇక జన్మలో వంగదు. నొప్పి ఉండదు, నిలబడొచ్చు, నడవొచ్చు. ఆట ఉండదు. బాపు సంతకం పెట్టి బయటికి వెళ్ళాడు. గోడ అవతల ముక్కు చీదుకోవడం నా కుడి చెవికి వినపడింది.

ఆపరేషన్ తర్వాత నడుము నుంచి పాదం దాకా ప్లాస్టర్‌లో ఇంటికి తెచ్చారు. సలీం కబురు ఖాదర్ సాబే చెప్పేవాడు. ఒక వారం బాగుందని, ఒక వారం బాగాలేదని. తర్వాత ఆయన రావడం తగ్గింది. అక్క ఆయన ఇంటికి వెళ్ళి వచ్చినా నాకు సరిగా జవాబు చెప్పేది కాదు. ఒక మధ్యాహ్నం గల్లీలో ఆడుకునే పిల్లల లొల్లి ఉన్నట్టుండి ఆగిపోయింది. చాలామంది అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. అక్క లోపలినుంచి వచ్చి తలుపు వేయబోయింది.

"ఎవలదక్కా?"

"తమ్మీ, సలీం పోయిండు. పొద్దుగాల మస్తు రక్తం పడిందట."

తలుపు తీసే ఉంచమన్నాను. పడుకున్న చోటినుంచి నాకు జనాజా, అంటే వాణ్ణి మోసుకెళ్తున్న పాడె, పై భాగం మాత్రమే కనిపించింది. దాన్ని మోస్తున్నవాళ్ళలో మా బాపు ఉన్నాడు. మోసే భుజాలు మారుతున్నాయి కానీ అది ఊగకుండా వెళ్ళింది. నేను లేవలేకపోయాను. అక్క గడప దగ్గర, వాళ్ళు మలుపు తిరిగేదాకా నిలబడింది.

ఆ తర్వాత చాలా రోజులు నాకు మందు మింగబుద్ధి కాలేదు. అక్క మాత్రం రోజూ గ్లాసుతో వచ్చి కూర్చునేది. ఏమీ బతిమాలేది కాదు, నేను మింగేదాకా లేచేది కాదు. ప్లాస్టర్ విప్పిన నాడు ఎముక అతికిందని ఎక్స్‌రేలో తేలింది. చిల్లు మానింది. అయినా మందులు ఏడాదిన్నర వాడాను. ఆఖరుసారి చూసినప్పుడు డాక్టర్, ఇక రావక్కర్లేదని చెప్పి నాతో చేయి కలిపాడు.

ఇదంతా జరిగి పదేళ్ళు దాటింది. కుడి కాలు కర్రలా చాపుకునే బస్సులో కూర్చుంటాను. ఎడమ చెవి వినపడదు. చలికాలం వస్తే ఏ చిన్న దగ్గొచ్చినా నాకు ఇప్పటికీ భయమే. పెళ్ళయింది, ఇద్దరు ఆడపిల్లలు. ఖాదర్ సాబ్ దుకాణంలోనే పని నేర్చుకుని ఎడమ కాలితో మిషన్ తొక్కుతున్నాను. ఆయనకి చూపు తగ్గింది, కత్తిరింపు కూడా నేనే చూస్తాను. సలీం గురించి ఆయన నాతో ఒక్కసారే మాట్లాడాడు, దుకాణం కట్టేసే వేళ. "వస్త అన్నడు బేటా. నేను గూడ సరే అన్న. రైలెక్కి పోయి పట్టుకస్తె అయిపోతుండె." నేను మిషన్ మీద గుడ్డ కప్పాను.

చదువుతున్న మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరికైనా టీబీ అని తేలితే, అది ఊపిరితిత్తుల్లోదైనా ఎముకల్లోదైనా, వాళ్ళతో ఒకే గదిలో పడుకున్న ప్రతి మనిషికీ ఆ వారంలోనే ఎక్స్‌రే, కఫం పరీక్ష చేయించండి. పని ఉందని, పరీక్షలున్నాయని, పెళ్ళి ఉందని వాళ్ళు వాయిదా వేస్తారు. ఒప్పుకోకండి. దూరాన ఉంటే కబురు పంపి ఊరుకోకండి. మీలో ఒకరు వెళ్ళి, చేయి పట్టుకుని వెంట తీసుకురండి.