బెంచీ ఉన్న బండి

రిటైరయ్యాక ఊళ్ళు తిరగడానికి ఎలాంటి బండి కొనాలన్న దగ్గర మా ఆయనకీ నాకూ పడలేదు. వంటగది, బాత్రూము, టీవీ అన్నీ లోపలే ఉండే పెద్ద బండి కావాలని నా పట్టు. అంత పెద్దది నడపలేనని ఆయన. ఆ తగువుతోనే కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్ వెళ్ళి, గని కార్మికులకి వరసగా కట్టిన పాత లైన్ ఇళ్ళ దగ్గర అమ్మకానికున్న చిన్న క్యాంపింగ్ వ్యాను చూశాం.

లోపల ఒక మంచం, ఒక స్టవ్వు. అంతే.

"ఇందులో ఇద్దరం ఎలా ఉంటామమ్మా? పెద్దదే చూసుకుంటాం" అన్నాను, కాళ్ళనొప్పులతో ఇక తిరగలేక దాన్ని అమ్ముతున్న మేరీ అమ్మతో.

ఆవిడ నవ్వింది. "మా ఇల్లు చూడమ్మా, ఒకే రూము. ఎనిమిదిమందిమి పెరిగినాము. లోపల నిద్రపోయేది మాత్రమే. ఇంగ వంట, మాటలు, కొట్లాట అంతా వాకిట్లోనే."

వ్యాను వెనక నుంచి చెక్క బెంచీ లాగి నీడలో వేసింది. మేం కూర్చున్నామో లేదో పక్కింటామె కాఫీ తెచ్చింది. ఎదురింటి తాత "యా ఊరప్పా మీది?" అంటూ మా ఆయన పక్కన చేరాడు. ఆ లైన్లో బెంచీ బయట వేస్తే అందరినీ పిలిచినట్టేనట.

"మీరు చెప్పే పెద్ద బండిలో అన్నీ ఉండాయి సరే, వచ్చినోళ్ళు యాడ కూర్చుంటారమ్మా?" అంది మేరీ అమ్మ.

బెంచీతో సహా వ్యాను కొన్నాం. మొదటి మజిలీ దగ్గర్లోనే ఉన్న ఆవని అనే ఊరి గుడి. ఆయన స్టవ్వు వెలిగిస్తుంటే నేను బెంచీ బయట వేశాను. గుడికొచ్చిన ముసలామె ఎవరో సరాసరి మా దగ్గరికొచ్చి, "జరుగమ్మా" అంది.

జరిగాను.